ఓపిక లేదంటే కోపం అనుకుంటున్నారు

తెలుగులో ‘ఓపిక’ అంటే ఒంట్లో సత్తువ, సహనం కూడా. ‘మెట్లెక్కే ఓపిక లేదు’ అన్నా, ‘వాడితో వేగే ఓపిక లేదు’ అన్నా అదే మాట. ఒకటి అయిపోతే రెండోదీ అయిపోతుందని మన భాషకు ఎప్పుడో తెలుసు, మన ఇళ్లకే ఇంకా తెలియలేదు. పిల్లాడి మీద అరిచిన తల్లితో ‘ఈమధ్య నీకు కోపం ఎక్కువైంది’ అంటారు. సత్తువంతా ఎటు పోయిందని అడిగేవాళ్లు తక్కువ.

దీన్నే ఇప్పుడు బర్నవుట్ అంటున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీనికి నిర్వచనం ఇస్తూ, ఇది రోగం కాదని, ఉద్యోగానికి సంబంధించిన పరిస్థితి అని, జీవితంలో వేరే విషయాలకు ఈ మాట వాడకూడదని చెప్పింది. అంటే విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఏ ఆఫీసులోనో పనిచేసే ఆవిడ అక్కడ అలసిపోతే బర్నవుట్, పటమట వచ్చి వంటింట్లో అలసిపోతే కాదు! బెల్జియంకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇసబెల్ రోస్కమ్, మొయిరా మికొలాయ్‌చాక్ మాత్రం పిల్లల పెంపకంలో వచ్చే బర్నవుట్ మీదే ఏళ్ల తరబడి పనిచేశారు. వాళ్లు చెప్పిన లక్షణాలు చదివితే మనకు తెలిసిన ఎంతోమంది ముఖాలు గుర్తొస్తాయి. పొద్దున లేస్తూనే అలసట. పిల్లల పనంటే విసుగు. అన్నం పెట్టడం, స్నానం చేయించడం, హోంవర్క్ చేయించడం అన్నీ జరుగుతుంటాయి, మనసు మాత్రం అక్కడ ఉండదు. వీటన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టేది ‘నేనిలా ఉండేదాన్ని కాదు’ అనే దిగులు. ప్రేమ లేని తల్లికి ఆ దిగులు ఎందుకుంటుంది?

మన దగ్గర బాలింతకు పథ్యం ఉంది, పుట్టింట్లో విశ్రాంతి ఉంది. అదంతా మూడో నెల వరకో, ఐదో నెల వరకో. ఆ తర్వాత పదిహేనేళ్ల చాకిరీకి ఏ పథ్యమూ లేదు. విజయవాడలో ఇంకో రకం తల్లులు కూడా కనిపిస్తారు. పిల్లల ఇంటర్ చదువు కోసం ఊళ్లో ఇల్లు వదిలి పోరంకి, నిడమానూరు వైపు అద్దెకు దిగినవాళ్లు. భర్త పొలం దగ్గరో, వేరే ఊళ్లో ఉద్యోగంలోనో ఉంటాడు. తెల్లవారుజామున క్యారేజీతో మొదలై, రాత్రి పిల్లాడు పుస్తకం మూసేదాకా ఈమె మెలకువగానే ఉండాలి. పక్క ఫ్లాట్‌లో ఎవరున్నారో తెలియదు. వారం పరీక్షలో మార్కులు తగ్గితే ఫోన్ మాత్రం ఈమెకే వస్తుంది.

2024 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం మన దేశంలో ఇంటిపని చేసే ఆడవాళ్లు జీతం లేని ఆ పనికి రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు. మగవాళ్లు 88. అదీ ఆ పనులు అసలు చేసే మగవాళ్ల లెక్క! అయితే నా అనుమానం, ఓపికను తినేది ఈ నిమిషాల కంటే గడియారానికి అందని పని. రేపు క్యారేజీలో ఏం పెట్టాలి, టీకా తేదీ ఎప్పుడు, రెండో టర్మ్ ఫీజు కట్టామా, గ్యాస్ బుక్ చేశామా. ఇవన్నీ ఒక్క బుర్రలోనే తిరుగుతుంటాయి. ‘నువ్వు చెబితే చేసేవాణ్ణి కదా’ అనే భర్త మంచివాడే కావచ్చు. కానీ గుర్తుపెట్టుకుని చెప్పడం కూడా పనే. ఆ పని ఇంకా ఆమె దగ్గరే ఉంది.

అందుకే ‘నాలుగు రోజులు పుట్టింటికి వెళ్లి రా’ అనే మందు అంతగా పనిచేయదు. పిల్లలూ వెంట వస్తారు కాబట్టి చాకిరీ ఊరు మారుతుందంతే. యోగా, వాకింగ్ మంచివే. అయితే పొద్దున అరగంట బయటకు వెళ్లాలంటే ఆ అరగంట పాలు ఎవరు కాస్తారు?

ముందు చేయాల్సింది రక్తపరీక్ష. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. థైరాయిడ్ తేడా ఉన్నా నీరసం ఇలాగే ఉంటుంది. రెండోది, బర్నవుట్‌ను డిప్రెషన్‌తో కలిపేయకూడదు. ఆఫీసులోనో స్నేహితుల మధ్యనో తేలికపడి, ఇంటి గడప తొక్కగానే గుండె బరువెక్కితే అది ఎక్కువగా బర్నవుట్ వైపు చూపిస్తుంది. ఎక్కడున్నా, ఏం చేసినా ఏదీ రుచించకపోతే డాక్టర్ దగ్గరకు వెళ్లాల్సిందే. చచ్చిపోవాలనో, పిల్లల్ని ఏదైనా చేసేస్తానేమోననో అనిపిస్తే ఒక్కరోజు కూడా ఆగకూడదు. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఆ తర్వాత మిగిలేది పనిని మొత్తంగా చేతులు మార్చడం. మా ఇంట్లో స్కూల్ వాట్సాప్ గ్రూప్‌లో నా నంబరు తీయించి మా ఆయన నంబరు పెట్టించాను. మొదటి వారమే చార్టు కావాలన్న మెసేజ్ ఆయన చూసుకోలేదు. రాత్రి తొమ్మిదింటికి పాప ఏడుపు. లేచి నేనే వెళ్లబోయి, మళ్లీ కూర్చున్నాను. కూర్చోవడం ఎంత కష్టమైందో చెప్పలేను. ఆయన బండి తీసి, షట్టర్లు దించుతున్న షాపులన్నీ తిరిగి, పావుతక్కువ పదింటికి చార్టు తెచ్చారు. పాప నీలం అడిగితే ఈయన తెచ్చింది పసుపుపచ్చ.