పాటకు తోటివాడి చెవి కావాలి

ల్యాప్‌టాప్, హెడ్‌ఫోన్స్, ఒక చిన్న మిడి కీబోర్డు ఉంటే చాలు, పాట తయారైపోతుందన్న నమ్మకంతో హాస్టల్ గదుల్లో, అద్దె ఇళ్ల పెంట్‌హౌసుల్లో రాత్రిళ్లు మేలుకునే కుర్రవాళ్లు ఇవాళ మన ఊళ్లలో కావలసినంత మంది ఉన్నారు. వాళ్ల మధ్య ఎప్పటికీ తెగని తగవు ఒకటుంది. తనలాగే నిన్నగాక మొన్న ఎఫ్‌ఎల్ స్టూడియో అనే పాటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ తెరిచిన మరో ఔత్సాహికుడు తన పాట విని చెప్పే మాటకు విలువ ఇవ్వాలా, లేక పేరున్న సౌండ్ ఇంజనీరు ఎవరైనా చెబితేనే చెవిన పెట్టాలా అన్నది ఆ తగవు. చాలామంది రెండో పక్షానికే మొగ్గుతారు. "వాడికేం తెలుసు" అన్న రెండు మాటలతో వ్యవహారం ముగిస్తారు. నేర్చుకునే దశలో తోటివాడి మాటే అన్నింటికన్నా ఎక్కువ పనికొస్తుందనీ, పెద్దల మీద గౌరవం పేరుతో దాన్ని తోసిపుచ్చడం పైకి వినయంగా కనిపించే అహంకారమనీ నా అభిప్రాయం.

"తినగ తినగ వేము తియ్యనుండు" అన్న మాటను మనం సాధన గొప్పతనం చెప్పడానికి వాడుకుంటాం. మిక్సింగ్, అంటే పాటలోని గొంతునూ వాద్యాలనూ తగిన పాళ్లలో కలిపే పని, చేసేవాడికి మాత్రం అది హెచ్చరికగా వినిపించాలి. నాలుగు బార్ల లూప్‌ను, అంటే మళ్లీ మళ్లీ తిరిగే చిన్న సంగీతపు ముక్కను, మూడు గంటలసేపు తిప్పి తిప్పి విన్న చెవికి అందులోని చేదు తెలియకుండా పోతుంది. మొదటి పది నిమిషాల్లో గుచ్చుకున్న హై-హ్యాట్ తాళాల పదును గంట గడిచేసరికి సహజంగానే తోస్తుంది. పల్లవి మాటలు తనకు కంఠస్థమై ఉన్నందువల్ల, గాయకుడి గొంతు వాద్యాల కింద మునిగిపోయినా ప్రతి అక్షరమూ స్పష్టంగా వినబడుతున్నట్టే ఉంటుంది, ఎందుకంటే ఆ వేళకు అక్కడ వింటున్నది చెవి కన్నా జ్ఞాపకమే ఎక్కువ. కాకిపిల్ల కాకికి ముద్దు అన్న సామెతలో పుట్టించిన మమకారమే ఉంది కానీ, ఇక్కడ దానికి అలవాటు పడిన ఇంద్రియం కూడా తోడవుతుంది. ఇది ప్రతిభ లేకపోవడం వల్ల వచ్చే లోపం కాదు కాబట్టి, ఎంత సాధన చేసినా పోదు.

గది, వేళ కూడా ఈ మోసంలో పాలుపంచుకుంటాయి. శబ్దం తగ్గించి వింటే మంద్రస్థాయి ధ్వనులు తక్కిన వాటికన్నా ఎక్కువగా చెవికి అందకుండా పోతాయని బెల్ ల్యాబ్స్‌కు చెందిన ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపించారు. ఇంట్లో అందరూ పడుకున్నాక వాల్యూమ్ తగ్గించుకుని పనిచేసే కుర్రవాడికి బేస్ ఎప్పుడూ తక్కువగానే వినిపిస్తుంది, అతను దాన్ని పెంచుతూనే పోతాడు. మంచి స్పీకర్లు కొనుక్కోగలిగినవాడి పరిస్థితి కూడా అంతకన్నా మెరుగ్గా ఏమీ ఉండదు. పదకొండు అడుగుల పొడవున్న గదిలో ఎదురెదురు గోడల మధ్య సుమారు 50 హెర్ట్జ్ దగ్గర ధ్వని నిలువుతరంగంగా స్థిరపడుతుంది. గోడల దగ్గర అది హోరెత్తుతుంది, గది నట్టనడుమ దాదాపు మాయమైపోతుంది. 808 కిక్, అంటే 808 అనే డ్రమ్ మెషిన్ ఇచ్చే బరువైన డ్రమ్ము దెబ్బ, దాని ప్రాణమంతా ఉండేది ఆ చుట్టుపక్కలే. కుర్చీ గది మధ్యలో వేసుకున్నవాడు వినబడని కిక్ కోసం నాబ్ తిప్పుతూ, వేరెవరి కారులోనైనా అద్దాలు అదిరేలాంటి మిక్స్ తయారుచేసి పెడతాడు. ఆ కారు యజమానికి ధ్వనిశాస్త్రంలో పట్టా అక్కర్లేదు. "ఒరేయ్, నీ కిక్ తప్ప ఇంకేమీ వినిపించట్లేదురా" అని అతను అన్న క్షణంలో, లక్షలు పోసి గదిని సరిచేస్తే గానీ దొరకని సమాచారం ఉచితంగా దొరికింది.

అయితే ఇంట్లోవాళ్ల చెవి చాలదా, పెద్ద ఇంజనీరు చెవి ఇంకా మేలు కదా అని అడగవచ్చు. ఇంట్లోవాళ్లకు పాట నచ్చుతుంది, లేదా నచ్చదు. ఎక్కడ నచ్చలేదో చెప్పే భాష వాళ్ల దగ్గర ఉండదు. పెద్ద ఇంజనీరు దగ్గర భాష ఉంటుంది, సమయం ఉండదు. ఉన్నా, ముప్ఫై ఏళ్ల కిందట తాను దాటేసిన తప్పు ఎందుకు జరుగుతుందో ఆయనకు గుర్తుండదు. వోకల్ మీద రివర్బ్, అంటే గొంతు వెనక కలిపే ప్రతిధ్వని, ఎక్కువైందని ఆయన చెబుతాడు. రివర్బ్ వెనక గాయకుడి శ్రుతి తప్పును దాచాలన్న ఆశ ఉందని పోయిన నెలలో అదే పని చేసిన తోటివాడు పసిగడతాడు. విద్యలో నాలుగో వంతు గురువు దగ్గర, నాలుగో వంతు సొంత బుద్ధితో, నాలుగో వంతు తోటి విద్యార్థుల దగ్గర, మిగిలిన నాలుగో వంతు కాలక్రమంలో వస్తుందని చెప్పే పాత సుభాషితం మనలో చాలామంది చిన్నప్పుడు విన్నదే. గురువుకు ఎంత వాటా ఇచ్చారో సహాధ్యాయికీ అంతే ఇచ్చారన్నది గమనించదగిన విషయం. గురుభక్తిని ఇంతగా చాటుకునే సంప్రదాయం నోట ఆ లెక్క రావడం ఆషామాషీ సంగతి కాదు.

ఎదుటి పక్షం వాదనలో బలం లేదని నేను అనను. ఈత రానివాడు ఈత రానివాడికి నేర్పితే ఇద్దరూ మునుగుతారని వాళ్లంటారు. పదిమంది ఔత్సాహికులు ఒకరి పాట ఒకరు సరిదిద్దుకుంటూ పోతే చివరికి అందరి పాటలూ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయని కూడా అంటారు. రెండూ జరుగుతాయి, కళ్లారా చూశాను. కానీ రెండు సందర్భాల్లోనూ తప్పు మాట చెప్పినవాడిది కాదు, దాన్ని ఎలా తీసుకోవాలో తెలియనివాడిది. వైద్యుడి దగ్గరికి వెళ్లిన రోగి "ఇక్కడ నొప్పిగా ఉంది" అంటే అది నమ్మవలసిన మాట, "ఈ మాత్ర రాయండి" అంటే అది నమ్మనక్కర్లేని మాట. రెండో చరణం దగ్గర విసుగొచ్చిందని స్నేహితుడు చెబితే ఆ విసుగు కాదనడానికి వీల్లేని వాస్తవం. అక్కడ ఫ్లూటు పెట్టమన్న అతని సలహా మాత్రం ఊహ. విసుగును రాసుకుని, ఫ్లూటును పక్కన పెట్టగలిగినవాడికి ఈత రానివాళ్ల గుంపు వల్ల నష్టమేమీ ఉండదు.

ఈ చర్చలో ఎవరూ పెద్దగా ఎత్తని విషయం మరొకటుంది, నా దృష్టిలో అదే అసలైనది. కొత్త సంగీతానికి పండితులు ఉండరు. లండన్ దక్షిణాన క్రాయ్‌డన్‌లో బిగ్ యాపిల్ అనే రికార్డుల దుకాణం ఉండేది. ఈ శతాబ్దపు మొదటి ఏళ్లలో ఆ దుకాణం చుట్టూ తిరిగిన స్క్రీమ్, బెంగా అప్పటికి మీసాలు కూడా సరిగా రాని కుర్రవాళ్లు. అక్కడే పనిచేసిన హాచా అనే డీజే వాళ్ల పాటలు విని, నచ్చినవాటిని డబ్‌ప్లేట్‌గా కోయించి క్లబ్బుల్లో వేసేవాడు. డబ్‌ప్లేట్ అంటే అసిటేట్ అని పిలిచే రికార్డు, తిప్పేకొద్దీ అరిగిపోయేది, కోయించడానికి జేబులోంచి డబ్బు పెట్టవలసినది. కాబట్టి తోటివాడి పాటను ఎంచుకోవడమంటే మాటవరసకు బాగుందనడం కాదు. 2005లో బ్రిక్స్‌టన్‌లో డీఎంజెడ్ పేరుతో రాత్రి కచేరీలు మొదలైనప్పుడు గుంపులో నిలబడి విన్నవాళ్లలో చాలామంది పాటలు తయారుచేసేవాళ్లే. డబ్‌స్టెప్ అని ఆ తర్వాత ప్రపంచమంతా పిలుచుకున్న సంగీతం ఆ చెవుల మధ్య పెరిగింది. ఆ కుర్రవాళ్లు తమ పాటను ఏ పేరున్న ఇంజనీరు దగ్గరికో తీసుకెళ్లి ఉంటే, బేస్ మరీ ఎక్కువైంది, మధ్యలో ఇంత ఖాళీ ఏమిటి అని ఆయన మర్యాదగా చెప్పి పంపేవాడేమో. ఆ బేసే, ఆ ఖాళీయే ఆ సంగీతం. అంతకు ముందు అమెరికాలో డెట్రాయిట్ టెక్నో అనే యంత్రాల మీద కట్టిన నృత్య సంగీతానికి రూపమిచ్చిన హువాన్ ఆట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ కూడా బెల్‌విల్ అనే చిన్న ఊళ్లో కలిసి చదువుకున్న స్నేహితులే.

ఇప్పుడు మన దగ్గరికి రండి. తీన్‌మార్ డప్పు దరువును 808 కిక్‌తో కలిపి, పైన ఒగ్గుకథ చెప్పే తీరులో ర్యాప్ చేయాలనుకునే వరంగల్ కుర్రవాడి ప్రయోగం నిలబడిందో లేదో తేల్చగల ఆచార్యుడు ఏ సంగీత కళాశాలలో ఉన్నాడు? డప్పు తెలిసినవారు ఉన్నారు, మిక్సింగ్ తెలిసినవారు ఉన్నారు. రెండూ కలిసినచోట ఏం జరగాలో తెలిసినవాళ్లు ఆ పనిలో చేతులు కాల్చుకుంటున్న మరో నలుగురు కుర్రవాళ్లు మాత్రమే.

తోటివాడి పరీక్ష మనకు కొత్త కూడా కాదు. అవధానంలో నిషిద్ధాక్షరి ఇచ్చే పృచ్ఛకుడి పని ఒక్కసారి తలచుకోండి. అవధాని ఏ పదం వైపు వెళ్తున్నాడో ముందే ఊహించి, ఆ పదానికి కావలసిన అక్షరాన్ని అతను నిషేధించాలి. పద్యం కట్టడం తెలియనివాడు ఆ కుర్చీలో కూర్చోలేడు. అతను అవధానికి గురువు కాడు, సభలోని రసికుడి వంటి వాడూ కాడు, అదే విద్యలో ఉన్న మనిషి. అతని అడ్డంకి వల్లే పద్యం ఊహించని దారి పట్టి వెలుగుతుంది.

సినిమా పాట చరిత్రలోనూ ఇదే సంగతి ఉంది, కానీ దాన్ని మనం తప్పుగా చెప్పుకుంటున్నాం. కంప్యూటర్లు వచ్చి ఆర్కెస్ట్రాను చంపేశాయని, ఆ వయొలిన్ల నిండుతనం మళ్లీ రాదని పాతతరం వాపోతుంది. మద్రాసు రికార్డింగ్ థియేటర్లలో ఉన్నది వయొలిన్ల శబ్దం మాత్రమే కాదు. తబలా వాయించేవాడు, ఫ్లూటు వాయించేవాడు, కోరస్‌లో నిలబడ్డ అమ్మాయి, అద్దం వెనక ఇంజనీరు, వీళ్లందరి చెవులూ ఆ గదిలో ఉండేవి. నడక బరువెక్కిందని ఎవరో ఒకరి ముఖమైనా చెప్పేసేది. శబ్దాన్ని శాంపిల్ లైబ్రరీలు, అంటే ముందే రికార్డు చేసి ఉంచిన వాద్యాల శబ్దాల సంకలనాలు, చాలావరకు తిరిగి తెచ్చాయి. ఆ చెవుల్ని తేలేదు, తేలేవు కూడా.

"ఏఆర్ రెహమాన్ ఇంట్లో స్టూడియో కట్టుకుని ఒంటరిగా రాత్రిళ్లు పనిచేసి చరిత్ర సృష్టించలేదా" అన్నది ఈ కుర్రవాళ్లకు ఇష్టమైన ఉదాహరణ. 1989లో ఆయన కోడంబాక్కంలో పంచతన్ కట్టుకున్న మాట నిజమే. అంతకు ముందు ఏళ్ల తరబడి ఆయన మన రమేశ్ నాయుడు, రాజ్-కోటి సహా ఎందరో సంగీత దర్శకుల దగ్గర కీబోర్డు వాయించిన సంగతిని మాత్రం ఆ ఉదాహరణ ఇచ్చేవాళ్లు దాటేస్తారు. పదుగురి మధ్య రాటుదేలిన చెవితో ఆయన ఆ గదిలోకి వెళ్లాడు. వెళ్లాక కూడా పక్కన హెచ్. శ్రీధర్ వంటి సౌండ్ ఇంజనీరు చెవి ఉంది. ఆ మాటకొస్తే రాజ్-కోటి అన్న జంట పేరే నా వాదనకు రుజువు. ఒకరు టీవీ రాజు కుమారుడు, మరొకరు సాలూరి రాజేశ్వరరావు కుమారుడు. ఇంట్లోనే అంతటి గురువులున్న ఇద్దరు కూడా ట్యూను కట్టడానికి సమవయస్కుడైన మరో మనిషిని పక్కన కూర్చోబెట్టుకున్నారు.

మన కుర్రవాళ్ల దగ్గర తోటివాళ్లకు కొరత లేదు, తోటివాళ్ల నిజాయితీకే కొరత. పాట పంపిన నిమిషంలోపే "కేక రా మామా" అని నిప్పు బొమ్మలు నాలుగు వస్తాయి. మూడున్నర నిమిషాల పాటకు నిమిషంలో మెచ్చుకోలు ఎలా వచ్చిందని పంపినవాడూ అడగడు, ఎందుకంటే రేపు వాడి పాటకు ఇతనూ అదే చేయాలి. స్నేహధర్మంగా కనిపించే ఈ ఇచ్చిపుచ్చుకోవడం వల్లే తోటివాడి మాటకు విలువ లేదన్న అపవాదు పుట్టింది. దీనికి నాకు తెలిసిన మందు, ఎలా ఉందని అడగడం మానేసి, చిన్న ప్రశ్నలు అడగడం. ఎక్కడ ఫోను వైపు చూడాలనిపించింది? పల్లవిలో ఏ మాట అర్థం కాలేదు? నీ ఇయర్‌ఫోన్స్‌లో కిక్ ఎక్కువగా ఉందా, గొంతు ఎక్కువగా ఉందా? వీటికి నిప్పు బొమ్మతో జవాబివ్వడం కుదరదు.

ఇక చెప్పేవాడికి కలిగే లాభం గురించి ఎవరూ మాట్లాడరు. నాకు తెలిసిన ఒక ఇంజనీరింగ్ విద్యార్థి ఆరు నెలలుగా తన పాట ఎందుకు బురదబురదగా వినిపిస్తోందో తెలియక, శబ్దాన్ని సరిచేస్తాయని చెప్పే చిన్న సాఫ్ట్‌వేర్లు, ప్లగిన్ మీద ప్లగిన్ కొంటూ పోయాడు. ఒకరోజు స్నేహితుడి పాట వింటూ, పియానో ఎడమచెయ్యి, బేస్ గిటారు రెండూ ఒకే చోట తొక్కుకుంటున్నాయని, ఒకటి తీసేయమని అలవోకగా చెప్పాడు. చెప్పిన మాట తన చెవిలోనే పడ్డట్టుంది. ఆ రాత్రి ఇంటికి వెళ్లి తన పాత ఫైలు తెరిచాడు. కొన్న ప్లగిన్లన్నీ అలాగే ఉంచి, పియానో ట్రాక్‌ను మాత్రం మ్యూట్ చేశాడు.