గీత నేర్పండి, షీట్లు మోయించకండి

ఆర్కిటెక్చర్ డిగ్రీ బీఆర్క్‌లో సీటు రాగానే పిల్లల తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న ఏ ల్యాప్‌టాప్ కొనాలి అని. ఆఫీసుల్లో అంతా ఆటోక్యాడ్, రెవిట్ లాంటి కంప్యూటర్ డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్లే అయినప్పుడు చేత్తో గీసే టీ-స్క్వేర్ స్కేలు ఇంకా ఎందుకని రెండో ప్రశ్న. నా మాట ఒకటే: మొదటి రెండేళ్లు డిజైన్ నేర్పే స్టూడియోలోకి ల్యాప్‌టాప్ రానివ్వొద్దు.

ఇది పాతకాలం మీద మోజుతో అంటున్నది కాదు, స్కేల్ కోసం, అంటే కొలతల అంచనా కోసం. నిజం కొలతను వందో వంతుకు తగ్గించే 1:100లో 900 మిల్లీమీటర్ల తలుపు కాగితం మీద 9 మిల్లీమీటర్లు. తొమ్మిదంగుళాల గోడ 2 మిల్లీమీటర్ల పైచిలుకు. గీయగా గీయగా ఆ కొలతలు చేతికి పట్టేస్తాయి. కారిడార్ ఇరుకైతే గీస్తున్నప్పుడే తెలుస్తుంది. స్క్రీన్ మీద ఆ అదుపు లేదు. మౌస్ చక్రం తిప్పితే బాత్రూం హాలంత అవుతుంది. మెట్లు కావాలంటే ఎవరో గీసిపెట్టిన రెడీమేడ్ బొమ్మ (బ్లాక్) దింపుకుని అతికించేయొచ్చు, ఒక్కో మెట్టు ఎత్తు (రైజర్) ఎంతో చూడకుండానే.

విద్యార్థుల డిజైన్లకు మార్కులేసే జ్యూరీల్లో దీని ఫలితం చూస్తూనే ఉన్నాను. కంప్యూటర్లో చేసిన రంగుల బొమ్మ (రెండర్) అద్భుతం: సాయంకాలపు ఎండ, అద్దాల్లో చెట్ల నీడ. "ఈ మెట్ల దగ్గర సెక్షన్ గీసి చూపించమ్మా" అని, అంటే నిలువుగా కోస్తే లోపల ఎలా ఉంటుందో గీయమని, పెన్సిల్ ఇస్తే గది నిశ్శబ్దం. తీరా గీస్తే, ఎక్కే మనిషి తల బీముకు తగులుతుంది. ఆ పిల్లలు తెలివి తక్కువవాళ్లు కాదు. ఆలోచించే పనిముట్టు చేతికి రాకముందే అందంగా చూపించే పనిముట్టు ఇచ్చాం.

అయితే చేతి డ్రాయింగ్ మీద విరక్తి పుట్టించింది కంప్యూటర్ ఒక్కటే కాదు, మాస్టార్లు కూడా. చిన్న ఇంకు మరక పడిందని పెద్ద ఏ1 షీట్ మొత్తం మళ్లీ గీయించడం, లెటరింగ్ వంకరపోయిందని మార్కులు కోయడం చదువు కాదు, శిక్ష. అలా నలిగిన పిల్లవాడు కంప్యూటర్ డ్రాయింగ్ (క్యాడ్) దొరకగానే పెన్సిల్ అవతల పారేయడా మరి! నేను అడుగుతున్నది కింది గీత కనబడే పల్చటి బటర్ పేపర్ మీద బటర్ పేపర్ వేసి, తప్పులు గీసి, వాటి మీదే దిద్దుకునే గీత.

ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ గెరీని చూడండి. 1997లో తెరిచిన స్పెయిన్‌లోని బిల్బావో గుగ్గెన్‌హైమ్ మ్యూజియాన్ని కట్టడానికి విమానాల డిజైన్ కోసం పుట్టిన కాటియా సాఫ్ట్‌వేర్ వాడారు. కానీ ఆ రూపం మొదలైంది ఆయన పెన్ను గీతల్లో, చేత్తో చేసిన మోడళ్లలో. ఈ వరసే ముఖ్యం.

ఆర్కిటెక్చర్ ప్రవేశ పరీక్ష నాటాలో కొన్నేళ్లు లేకుండా పోయిన కాగితం మీది డ్రాయింగ్ పరీక్ష 2024లో తిరిగొచ్చింది. సంతోషం. ఇక కాలేజీల వంతు. హైదరాబాద్ పిల్లలకు కుతుబ్‌షాహీ సమాధులు పక్కనే ఉన్నాయి. టేపు, తూకపు గుండు, స్కెచ్‌బుక్ ఇచ్చి పంపండి. ఒక్క ఆర్చి కొలిచి గీసుకు రమ్మనండి. మూడో ఏడు నుంచి రెవిట్, రైనో టైమ్‌టేబుల్లో పెట్టి, అవి బాగా తెలిసినవాళ్లతో శ్రద్ధగా చెప్పించండి. ఇప్పుడు చాలాచోట్ల అదీ చెప్పడం లేదు, యూట్యూబ్‌కి వదిలేస్తున్నారు.