డ్రెయిన్ అంటే మురుగు కాదు, వార్పు

భీమవరం మీదుగా పారే యనమదుర్రు డ్రెయిన్‌ను ఊళ్లో చాలామంది మురుగు కాలువ అనే అంటారు. కాగితాల్లోనూ డ్రైనేజీ అంటే మురుగునీటి పారుదలే. ఈ ఒక్క అనువాదం గోదావరి డెల్టాకు చేసిన చేటు చిన్నది కాదు.

ఇంగ్లిషులో డ్రెయిన్ అంటే నిలిచిన నీటిని దించేయడం. ‘డ్రై’ అన్న మాటకు దగ్గరి చుట్టం. అందులో మురికి ఊసే లేదు. దానికి సరితూగే మాట మన వంటింట్లోనే ఉంది: వార్చడం. గంజి వారిస్తే నీరు పోతుంది, మెతుకు నిలుస్తుంది. గంజిని మురుగని ఎవరంటారు?

వరిచేనుకూ వార్పు కావాలి. పిలకలు వేసే దశలో 2 నుంచి 5 సెంటీమీటర్ల నీరు చాలు. రోజుల తరబడి మునిగితే పిలకలు తగ్గిపోతాయి, దుబ్బు కుళ్లుతుంది. పైపాటుగా యూరియా వేసేముందు నీరు తీసేయాలి, ఒకటి రెండు రోజులాగి మళ్లీ పెట్టాలి. కోతకు 10 రోజుల ముందు చేను ఆరగట్టాలి. తీసిన నీరు పోయేదెక్కడికి? పంట కాలువ మెరక పట్టుకుని వస్తుంది, డ్రెయిన్ పల్లం పట్టుకుని పోతుంది. ఒకటి పెట్టే చెయ్యి, ఒకటి వార్చే చెయ్యి.

మురుగు అని పేరు పెట్టాక అందులో చెత్త వేయడానికి ఎవరికీ చెయ్యి వణకదు. గుర్రపుడెక్క తూముల దగ్గర అల్లుకుపోతుంది, నీరు చేలమీదికి ఎగదన్నుతుంది. దాళ్వాలో (రబీ పంటలో) ఇంజన్లతో తోడుకోవడానికి వేసిన అడ్డుకట్టలు సార్వా (ఖరీఫ్) నాటికీ అలాగే ఉంటాయి. చివర సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక మేట, పైగా సముద్రపు పోటు. 2011లో కోనసీమ రైతులు సార్వా వేయకుండా పంట విరామం పాటించారు, నాటి ముంపు గోడు మళ్లీ చెప్పక్కర్లేదు.

పేరు మారిస్తే పూడిక పోతుందా, డబ్బు కావాలి గానీ అంటారు. కావాలి, నిజమే. అయితే పూడిక తీసిన కాలువలోనే మర్నాడు చెత్త పడుతుంటే ఆ డబ్బు నిలిచేదెలా?

అసలు లోపం మన పరిభాష పద్ధతిలో ఉంది. ఇంగ్లిషు మాట కనబడగానే నామవాచకం కోసం నిఘంటువు తిరగేస్తాం. ఊడ్చడం (నాట్లు వేయడం), తూర్పారబట్టడం, వార్చడం లాంటి పని మాటలు రైతుల నోట ఉండగా వాటి గడప తొక్కం. కాలువ తలుపులకు ఇంగ్లిషువాడు పెట్టిన ‘లాకు’ను లాకుగానే ఉంచుకున్న డెల్టా ఇది, దాన్నెవరూ అసహ్యించుకోలేదు.

వేసవిలో కాలువలు కట్టేశాక గుర్రపుడెక్క, అడ్డుకట్టలు తీయించే పని తొలకరికి ముందే ముగించండి. తూముల దగ్గర బోర్డు పెట్టేటప్పుడు ‘మురుగు కాలువ’ అని వద్దు, ‘చేల నీరు సముద్రానికి వెళ్లే దారి’ అని రాయించండి.