మగ్గం గుంట

(పోచంపల్లి దగ్గరి ఒక నేత ఇల్లు. నాన్న పోయి ఏడాదైంది. నడిమింట్ల ఉన్న గుంట మగ్గం తీసేసి, నేను, నా పెండ్లాం ఇద్దరం నేత షెడ్డుకు పోయి నేస్తమంటడు తమ్ముడు. పట్నం నుంచి వచ్చిన అక్క ఒప్పుకుంటలేదు.)

అక్క: ఆ మగ్గం చప్పుడు వినుకుంటనే పెరిగినం. అది పోతే ఇది నేతోళ్ల ఇల్లెట్లయితదిరా?

తమ్ముడు: చప్పుడు యాదికున్నది. అమ్మ భుజం యాదికున్నదా?

అక్క: ఎందుకుండది? రోజు రాత్రి నూనె రాసింది నేనే.

తమ్ముడు: ఎందుకు రాయాల్సొచ్చింది? డిజైన్ కోసం, రంగు అంటకుండ నూలుకు చిటికి ముళ్లు కట్టాలంటే ముందుగాల అడ్డం పోసే పేక నూలును కొయ్యలకు చుట్టి ఆసు పోయాలె. ఒక్క చీరకు దాదాపు 9 వేల సార్లు చెయ్యి కొయ్యల చుట్టు పోవాలె, రావాలె. అమ్మ రోజుకు రెండు చీరలకు పోసేది. చింతకింది మల్లేశం వాళ్లమ్మ గోస చూడలేకనే ఆసు మిషన్ చేసిండు, 2017ల పద్మశ్రీ వచ్చింది. మనింటికి ఆ మిషన్ వచ్చేసరికి అమ్మ చెయ్యి పైకి లేస్తలేదు. సావుకారి బుక్కుల ఎవరి పేరున్నది? నాన్నది. ఆసు పోసినామె, కండెలు చుట్టినామె ఊసే లేదు. 2019-20 చేనేత గణనల పనిచేసేటోళ్లు నూటికి 70 మందికి పైగ ఆడోళ్లేనని తేలింది. మనింట్ల మాత్రం అది ఇంటిపని. మగ్గం ఈడ ఉన్నన్ని రోజులు నీ మరదలిది గూడ ఇంటిపనే. షెడ్డుల అయితే ఆమె పేరు మీద కూలి రాస్తరు.

అక్క: షెడ్డుకు పోతే వంట ఎవరు చేస్తరు, నువ్వా? పొద్దుగాల పొయ్యి, తర్వాత షెడ్డు, మళ్ల పొయ్యి. ఈడయితే పిల్లగాడు కండ్ల ముందుంటడు. నాకు ఎక్కాలు ఎట్లొచ్చినయి? చిటికి ముళ్లు లెక్కపెట్టుకుంటనే గదా.

తమ్ముడు: అంత పానముంటే నీ గృహప్రవేశానికి అచ్చేసిన మిషన్ చీర ఎందుకు కట్టినవ్?

అక్క: ఇంటి అప్పు నువ్వు కడుతున్నవా?

తమ్ముడు: నన్నడిగితే నేసియ్యనా?

అక్క: ఇస్తవని ఎరుకే. అందుకే అడగలే. అన్ని దినాల కూలి నీకెవరిస్తరు?

తమ్ముడు: నా చెయ్యికి లెక్కగట్టినవ్ అక్కా. అమ్మ చెయ్యికి ఎన్నడన్న గట్టినవా?

అక్క: (కొంచెం సేపటికి) గట్టలే. నేను గట్టలే, నువ్వూ గట్టలే. సరే, షెడ్డుకు పోదామని నీ పెండ్లాన్ని అడిగినవా?

తమ్ముడు: …

అక్క: అడగలేదు గదా. ఆసు కాడ కూసున్నది. పా, పోయి అడుగుదాం.