ఎన్ని చర్యలైతే ఒక జెనోసైడ్?

దౌత్యవేత్తలకు ఇంగ్లీషు భాష మీద ఉన్న భయభక్తులు మనలాంటి సామాన్యులకు ఎన్నటికీ అలవడవు. మనుషులు ఊళ్లకు ఊళ్లే తుడిచిపెట్టుకుపోతున్నా వారు నిబ్బరం కోల్పోరు గానీ, ఆ చావులను ఎవరైనా 'జెనోసైడ్' (జాతి సంహారం) అనబోతే మాత్రం హడలిపోయి న్యాయ సలహాదారులకు కబురు పెడతారు.

ఆ మాట మరీ పాతదేమీ కాదు. సోవియట్ భూభాగంలో నాజీలు సాగిస్తున్న హత్యాకాండ గురించి 1941లో రేడియోలో మాట్లాడుతూ చర్చిల్ దానిని పేరు లేని నేరమన్నాడు. పోలండ్‌కు చెందిన యూదు న్యాయవాది రఫాయెల్ లెమ్కిన్ ఆ కొరత తీర్చాడు. జాతి, తెగ అనే అర్థమున్న గ్రీకు 'జెనోస్'కు, చంపడాన్ని సూచించే లాటిన్ 'సైడ్'ను జోడించి, 1944లో అచ్చయిన తన గ్రంథంలో లోకానికి పరిచయం చేశాడు. గ్రీకు తలకు లాటిన్ తోక అతికించడమేమిటని వైయాకరణులు ముక్కు విరవవచ్చు. ఆయన కుటుంబంలో 49 మంది ఆ మారణకాండకే బలయ్యారు గనుక ఈ సంధి దోషాన్ని పెద్ద మనసుతో మన్నించవచ్చు.

మాట పుట్టించి ఊరుకుంటే ఏ చిక్కూ లేకపోయేది. దేశదేశాల ప్రతినిధుల వెంటపడి, 1948 డిసెంబరు 9న ఐక్యరాజ్యసమితి చేత ఒప్పందం చేయించేదాకా ఆయన నిద్రపోలేదు. ఒక జాతిని గానీ మతవర్గాన్ని గానీ పూర్తిగానో పాక్షికంగానో నాశనం చేయాలన్న ఉద్దేశంతో సాగించే కృత్యాలను నివారిస్తామని, శిక్షిస్తామని అందులో చేరిన దేశాలు పూచీ పడ్డాయి. ఆ 'నివారిస్తాము' అన్న ముక్కే గొంతులో ముల్లయి కూర్చుంది. అమెరికా అయితే దానిని ఆమోదించే ముందు 40 ఏళ్లు ఆలోచించింది.

ఇక 1994 జూన్ 10కి వద్దాం. ఆఫ్రికాలోని రువాండాలో టుట్సీ తెగవారి ఊచకోత మొదలై అప్పటికి రెండు నెలలు దాటింది. అమెరికా విదేశాంగ శాఖ ప్రతినిధి విలేఖరుల ముందుకు వచ్చి, అక్కడ 'జెనోసైడ్ చర్యలు' జరిగాయి గానీ జరిగినదంతా జెనోసైడ్ అనలేమన్న ధోరణిలో సెలవిచ్చారు. అలాంటి చర్యలు ఎన్ని కలిస్తే ఒక జెనోసైడ్ అవుతుందని ఒక విలేఖరి అడిగాడు. దానికి జవాబు చెప్పే స్థితిలో తాను లేనన్నారు ఆవిడ. పాపం, పన్నెండైతే డజను అన్నట్టు దీనికీ ఒక కొలత ఏర్పరచి ఉంటే ఆమెకు ఆ ఇబ్బంది తప్పేది. హత్యాస్థలంలో ఒక గుమాస్తాను కూర్చోబెట్టి, 'ఇది చర్య మాత్రమే, ఇదీ చర్యే, ఇంకా నిండలేదు, తరువాతి వారిని రానివ్వండి' అని చిట్టా రాయించవచ్చు. ఆఖరి పద్దు పడగానే ముద్ర వేయించి, నకళ్లు తీయించి, సంబంధిత శాఖలన్నింటికీ పంపించవచ్చు. అప్పటికి చంపడానికి ఎవరూ మిగలకపోతే అది ఆ శాఖల తప్పు కాదు.

చంపేవాళ్లకు మాత్రం నిర్వచనంతో పేచీ రాలేదు. రోడ్డుకు అడ్డంగా కాపు కాసి గుర్తింపు కార్డు చూశారు. 'టుట్సీ' అని ఉంటే కత్తి ఎత్తారు. 100 రోజుల్లో సుమారు 8 లక్షల మంది పోయారు. ఆ నరుకుడు సాగుతుండగానే, ఏప్రిల్ 21న, భద్రతా మండలి అక్కడి శాంతి సైన్యాన్ని 270 మందికి కుదించింది. జెనోసైడ్ అని తేల్చితే ప్రభుత్వం నిజంగానే 'ఏదో ఒకటి చేయవలసి' రావచ్చు, జాగ్రత్త అని మే 1న అమెరికా రక్షణ శాఖ కాగితంలో ఎవరో రాసుకున్నారు. ఏదో ఒకటి చేయవలసి వస్తుందట! ప్రార్థనా మందిరాల్లో తలదాచుకున్న పిల్లలను నరుకుతున్న వేళ ఈ పెద్దమనుషులకు పట్టుకున్న భయం అది! సిగ్గన్నది మచ్చుకైనా ఉండనక్కరలేదా? లెమ్కిన్ ఆ మాటను కట్టింది మీరు దాని చుట్టూ ప్రదక్షిణలు చేయడానికా?

అది జెనోసైడేనని టాంజానియాలోని అరుషాలో రువాండా నేరాల విచారణకు ఏర్పడిన అంతర్జాతీయ ట్రిబ్యునల్ 1998 సెప్టెంబరులో, రువాండాలో మేయరుగా పనిచేసిన అకయేసు కేసులో తీర్పు చెప్పింది. చచ్చినవాళ్లకు ఆ సంగతి ముందే తెలుసు.

ఎట్టకేలకు 2004 సెప్టెంబరు 9న అమెరికా విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్ సెనేట్ కమిటీ ముందు నిలబడి, సూడాన్‌లోని డార్ఫుర్‌లో జరిగింది జెనోసైడేనని నోరారా పలికాడు. ఆ వాంగ్మూలంలోనే, ఈ నిర్ధారణ వల్ల కొత్తగా చేపట్టవలసిన చర్య ఏదీ లేదని కూడా వివరించాడు. ఈ వెసులుబాటు ఉందని పదేళ్ల ముందే తెలిసి ఉంటే, న్యాయ సలహాదారులు రువాండా విషయంలోనూ ఆ మాటను రోజుకు మూడు పూటలా నిశ్చింతగా వాడుకోనిచ్చేవారు.