ఆ ఇద్దరినీ ఒకే జట్టులో ఉండనివ్వండి

మొన్న మన యువజన విభాగం నిర్వహించిన కార్టింగ్ (చిన్న రేసు బండ్ల) పోటీలో చివరి మలుపు దగ్గర ఒకే జట్టు కుర్రాళ్లిద్దరూ గుద్దుకున్న సంగతి, వెనకెక్కడో వస్తున్న జట్టు కప్పు పట్టుకుపోయిన సంగతి సభ్యులందరికీ తెలిసినవే. లోపలి వైపు నుంచి దూరినవాడు మావాడే కనుక నేను తటస్థుణ్ణని చెప్పుకున్నా ఎవరూ నమ్మరు.

నేను కంచె పక్కనే ఉన్నాను. అవతలి కుర్రాడు మలుపు తిరగడం మొదలుపెట్టాక మావాడు బ్రేకు ఆలస్యంగా వేసి, చోటు లేనిచోట ముందు చక్రాన్ని ఇరికించాడు. రెండు కార్టులూ గిర్రున తిరిగి టైర్ల గోడకు కొట్టుకున్నాయి. పిల్లలు హెల్మెట్లు తీయకముందే పెద్దలం నోళ్లు తెరిచాం. ‘వాడెప్పుడూ ఇంతే’ అన్నదెవరో ఇక్కడ రాయను. దానికి నేనిచ్చిన జవాబూ అచ్చు వేయదగినది కాదు. ఊడిన బంపరు చేత్తో పట్టుకుని మావాడు ఆ కుర్రాడితో ఏదో అనబోయి, మా అరుపులు విని ఆగిపోయాడు.

వచ్చే ఏడు ఇద్దరినీ వేరు జట్లలో వేస్తామని కార్యవర్గం అంటోంది. మళ్లీ గుద్దుకుంటారన్న ఆ భయం నిరాధారమని నేననను. కారు ఒకటే అయినప్పుడు ఓటమికి ఇంజిన్‌ను తప్పుపట్టే వీలుండదు కనుక, ఫార్ములా వన్‌లోనూ ప్రతి డ్రైవరు ముందుగా ఓడించాలనుకునేది సహచరుడినే. 2017లో బెల్జియంలోని స్పా ట్రాక్‌పై సహచరులు పెరెజ్, ఒకాన్ ఒకే రేసులో రెండుసార్లు తగులుకున్నాక, వాళ్ల జట్టు ఫోర్స్ ఇండియా వాళ్లిద్దరి పోటీకి కళ్లెం వేసింది.

అయితే వేరు చేస్తే గొడవ తీరుతుందా? 1989లో జపాన్‌లోని సుజుకా ట్రాక్‌పై ఫార్ములా వన్ డ్రైవర్లు సెన్నా, ప్రోస్ట్ ఢీకొన్నప్పుడు ఇద్దరూ మెక్‌లారెన్ జట్టు వాళ్లే. మరుసటి ఏడు ప్రోస్ట్ ఫెరారీ జట్టుకు మారాడు. అదే సుజుకాలో, ఈసారి మొదటి మలుపులోనే మళ్లీ ఢీకొన్నారు. అది కావాలనే చేశానని సెన్నా 1991లో ఒప్పుకున్నాడు. ఒప్పుకోవడానికి ఏడాది పట్టింది.

2025లో కెనడాలోని మాంట్రియల్ రేసులో మెక్‌లారెన్ డ్రైవరు నోరిస్‌కు అంతసేపు పట్టలేదు. సహచరుడు పియాస్ట్రీకీ గోడకూ మధ్య దూరబోయి, అతడి కారు వెనక భాగాన్ని గుద్ది రేసు నుంచి తప్పుకున్న నోరిస్, వెంటనే రేడియోలోనే తప్పంతా తనదేనన్నాడు. మెక్‌లారెన్ ఇద్దరినీ పోటీ పడనిచ్చింది. ఆ ఏడాది ఛాంపియన్ అయింది నోరిసే.

కనుక తీర్మానం చేసేముందు ఆ పిల్లలిద్దరినీ ఒక్క పదిహేను నిమిషాలు, పెద్దలెవరూ లేని గదిలో కూర్చోబెట్టమని కార్యవర్గాన్ని వేడుకుంటున్నాను. నేను బయటే నిలబడతాను.