ఆడలేక ఓడ ఓడు

ఆడలేక మద్దెల ఓడు అన్నవాణ్ణి మన పెద్దలు వెక్కిరించి వదిలేశారు. ఇది తెలుగుజాతి చేసిన చారిత్రక తప్పిదమని నా నిశ్చితాభిప్రాయం. ఆ మాట అన్నవాడు సామాన్యుడు కాడు. తప్పు తన కాళ్ళలో లేదు, పక్కనున్న తోలు వాయిద్యంలో ఉందని నిండుసభలో, అదీ మద్దెలవాడి మొహం చూస్తూ చెప్పగలిగిన ధీరుడు. పాపం, ఆయనకు తగిన రంగస్థలం దొరకలేదు. నాకు దొరికింది. దాని పేరు క్లబ్బు పడవ పందెం.

శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలో, బర్కిలీ ఒడ్డున, నాకొక తెరచాప పడవ ఉంది. 27 అడుగులు, ఫైబర్‌గ్లాసు, 1976లో పుట్టింది. నాకంటే రెండేళ్ళు చిన్నది కానీ కీళ్ళ విషయంలో పదేళ్ళు పెద్దది. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడకూడదంటారు. నా విషయంలో ఏనుగు దాదాపు ఉచితంగా వచ్చింది. అప్పటినుంచీ కొంటున్నవన్నీ అంకుశాలే.

ఎండాకాలమంతా శుక్రవారం సాయంత్రాలు పందేలుంటాయి. శుక్రవారం పూట లక్ష్మి ఇల్లు దాటకూడదని మా అమ్మ చెప్పేది. క్లబ్బువాళ్ళకు ఆ పట్టింపు లేదు. వీటిని ఇక్కడ ‘బీరు డబ్బా పందేలు’ అంటారు. ముందు పోయిన పడవలవాళ్ళు తాగి పారేసిన డబ్బాల వెంట వెళ్తే దారి తెలిసిపోతుందని ఆ పేరుకు ఒక వ్యుత్పత్తి చెబుతారు. నేను ఎన్నడూ దారి తప్పలేదంటే కారణం ఇదే. నా ముందు ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు.

మా నాన్నకు ఫోన్లో ఈ సంగతి చెప్పాను. ఆయనది కోనసీమ. పంటు మీద గోదావరి దాటి పెళ్ళిచూపులకు వెళ్ళిన మనిషి.

“అవతలి ఒడ్డుకు వెళ్ళాలా ఏమిట్రా?”

“లేదు నాన్నా. కొంతదూరం పోయి, నీళ్ళలో గుర్తుగా తేలే బోయాను చుట్టి, మళ్ళీ ఇక్కడికే వస్తాం.”

“బయల్దేరిన చోటికేనా?”

“అవును.”

చాలాసేపు లైను మీద ఏమీ వినిపించలేదు. తర్వాత “అమ్మాయి కులాసానా?” అన్నాడు.

ఇక వేగం సంగతి. నీళ్ళను చీల్చుకుపోయే పడవకు దాని పొడవును బట్టి ఒక హద్దు ఉంటుంది. వేగం పెరిగేకొద్దీ పడవ తాను లేపిన అలల మధ్య గుంటలో తానే ఇరుక్కుంటుంది. నా పడవకు ఆ హద్దు లెక్కప్రకారం 6 నాట్ల చిల్లర (వరినాట్లు కావు, సముద్రపు నాట్లు), అంటే గంటకు 11, 12 కిలోమీటర్లు. ఇంటర్ చదివేటప్పుడు వెనక తమ్ముణ్ణి, ముందు బియ్యం సంచీని పెట్టుకుని సైకిలు మీద నేను ఇంతకంటే వేగంగా వెళ్ళేవాణ్ణి. అప్పుడు ఎవరూ కప్పు ఇవ్వలేదు.

మరి రకరకాల పడవలు ఒకే పందెంలో ఎలా దిగుతాయి? పి.హెచ్.ఆర్.ఎఫ్. అనే పద్ధతిలో ప్రతి పడవకూ ఒక అంకె ఇస్తారు. మైలుకు ఇన్ని సెకన్లు అని. నెమ్మది పడవకు పెద్ద అంకె. నాది 204. మా రేవులో నా పక్కనే కట్టేసి ఉండే కొత్త పడవది 84. తేడా 120. ఆరు నాటికల్ మైళ్ళ పందెమైతే ఆ పడవ నాకు 720 సెకన్లు, అంటే 12 నిమిషాలు బాకీ. ఆయన నాకంటే 11 నిమిషాలు ముందు చేరి, తెరచాపలు మడతపెట్టి, డబ్బా తెరుచుకుని కూర్చున్నా సరే, కాగితం మీద గెలిచింది నేనే. ఈ సిద్ధాంతం అమెరికావాళ్ళ బుర్రకెక్కడానికి రెండు సీజన్లు పడుతుంది. ఎంసెట్ రాసిన తెలుగువాడికి విడిగా చెప్పనక్కర్లేదు. పరీక్షలో వచ్చిన మార్కులు వేరు, ఇంటర్ మార్కుల వెయిటేజీ కలిపాక దక్కిన ర్యాంకు వేరు అన్న జ్ఞానం మన పిల్లలకు మీసం రాకముందే వచ్చేసింది.

అయితే ఇందులో ఒక క్రూరమైన షరతు ఉంది. అంకె ఇచ్చేది పడవకు, నడిపేవాడికి కాదు. అది కూడా పడవ అడుగు నున్నగా ఉంది, తెరచాపలు బిగువుగా ఉన్నాయి, సరంగుకు పని వచ్చు అనుకుని ఇస్తారు. అంటే కాగితం మీది పడవకూ, నీళ్ళలో ఉన్న పడవకూ మధ్య కొంత సందు ఉంటుంది. ఆ సందే పాత పడవ యజమానికి స్థిరాస్తి. ఓడిపోయిన ప్రతి శుక్రవారం రాత్రీ అతను తలదాచుకునేది అందులోనే. ప్రతి మరమ్మతూ ఆ ఆస్తిలో ఒక్కో సెంటు అమ్ముకోవడమే. ఈ సంగతి గ్రహించక, ఎందరో అమాయకులు వారాంతాల్లో గరుకు కాగితం పట్టుకుని తమ పరువును తామే అరగదీసుకుంటున్నారు.

గాలి మీదా నీళ్ళ మీదా నెట్టెయ్యొచ్చుగా అంటారేమో. కుదరదు. వేసవిలో కాలిఫోర్నియా నడిమిలోయ కొలిమిలా కాగుతుంది. అక్కడి వేడిగాలి పైకి లేస్తే, పసిఫిక్ చలిగాలి గోల్డెన్ గేట్ సందులోంచి లోపలికి దూసుకొస్తుంది. ఆటు వేళ అఖాతం నీళ్ళన్నీ, శాక్రమెంటో నది తెచ్చిన నీళ్ళతో సహా, అదే సందులోంచి బయటికి పోతాయి. గాలి లోపలికి, నీళ్ళు బయటికి. మధ్యలో అలలు నిటారుగా లేచి నిలబడతాయి. జులై నెలలో స్వెట్టరు మీద రెయిన్‌కోటు వేసుకుని తడిసిన కోడిలా వణకాలి. ఎంత ఘోరంగా ఉన్నా ఇదంతా ఉమ్మడి ఆస్తి, అందరి మీదా ఒకేలా వీస్తుంది. సాకు అన్నది స్వార్జితం కావాలి.

అంపైరు మీద తోసేద్దామా అంటే, మా పందేల్లో అంపైరే లేడు! క్రికెట్టు ఎంత సుఖమైన ఆటో నాకు అప్పుడర్థమైంది. ఇక్కడ రూల్సు పుస్తకం నాలుగేళ్ళకోసారి ఒలింపిక్స్ అయ్యాక కొత్తది వస్తుంది, ఇప్పుడు నడుస్తున్నది 2025–2028ది. దాని ప్రకారం కుడివైపు నుంచి గాలి తీసుకుంటున్న పడవకు, ఎడమవైపు నుంచి తీసుకుంటున్న పడవ దారి ఇవ్వాలి. ఇవ్వకపోతే తప్పు చేసినవాడు తనంతట తానే ఒప్పుకుని, మిగతా పడవలకు ఎడంగా జరిగి, పడవను రెండు చుట్లు తిప్పాలి. మన గుళ్ళో ఆత్మప్రదక్షిణ లాంటిదే, కాకపోతే ఒకటి ఎక్కువ. ఒప్పుకోకపోతే అవతలివాడు “ప్రొటెస్ట్!” అని అరిచి ఎర్రజెండా ఎగరేస్తాడు. ఒడ్డు చేరాక క్లబ్బులో రచ్చబండ. బల్ల మీద చిన్నచిన్న బొమ్మ పడవలు పేర్చి, “నేనిక్కడున్నాను, నువ్విక్కడున్నావు” అని అరవయ్యేళ్ళ గుండె డాక్టరూ, అరవైరెండేళ్ళ రిటైర్డు జడ్జీ వాదించుకుంటారు. బొమ్మలకొలువు ముందు ఇంత గంభీరంగా కూర్చున్న మగవాళ్ళను నేను మరెక్కడా చూడలేదు.

కాబట్టి పడవే దిక్కు. నా ఆస్తి వివరాలు సమర్పిస్తున్నాను.

మొదటిది, అడుగు. ఉప్పునీళ్ళలో నిలబడ్డ పడవకు ముందు జిగట పడుతుంది, తర్వాత నాచు, తర్వాత గుల్లలు. అవి అంటకుండా రాగి కలిసిన రంగు పూస్తారు. అయినా నెలకోసారి ఒక గజ ఈతగాడు మునిగి గీకివెళ్ళాలి. కిందటేడు వరసగా రెండు నెలలు నేనతన్ని పిలవలేదు. ఆ రెండు నెలలూ ఎంత ప్రశాంతంగా ఓడిపోయానో మాటల్లో చెప్పలేను.

రెండోది, తెరచాప. తెరచాపకు పొట్ట ఉండాలి. అది ముందువైపు ఉండాలి. వయసు మీద పడేకొద్దీ గుడ్డ సాగి, పొట్ట వెనక్కి జారుతుంది. అప్పుడు పడవ ముందుకు పోవడం తగ్గించి పక్కకు ఒరగడం మొదలెడుతుంది. ఇందులో నవ్వాల్సిందేమీ లేదు. యాభై దాటాక ఎవరి పొట్ట ఎటు జారుతుందో ఎవరి చేతిలో ఉంది?

మూడోది, పొక్కులు. ఏళ్ళ తరబడి నీళ్ళలో నానితే ఫైబర్‌గ్లాసు పైపొర దాటి నీరు లోపలికి ఇంకుతుంది. లోపలి రసాయనాలతో కలిసి ఉబ్బి పొక్కులవుతుంది. మొదటిసారి పడవను గట్టెక్కించినప్పుడు అచ్చం ఆటలమ్మ పోసినట్టుంది. మా ఆవిడ అప్రయత్నంగా “వేపమండలు తెప్పించండి” అంది.

ఒక్క జింకు ముక్క గురించి మాత్రం వ్యంగ్యం చేతకావడం లేదు. ఉప్పునీళ్ళలో వేరువేరు లోహాలు ఒకదానికొకటి తగిలి ఉంటే బ్యాటరీ పుట్టినట్టే. వాటిలో బలహీనమైంది కరిగిపోతుంది. కంచు ప్రొపెల్లరు కరక్కుండా దాని ఇరుసుకు ఒక జింకు ముక్క బిగిస్తారు. అది తాను కరిగి మిగతావాటిని కాపాడుతుంది. తమ్ముళ్ళ చదువులూ చెల్లెళ్ళ పెళ్ళిళ్ళూ అయ్యేదాకా కరిగిన పెద్దకొడుకులు మనకు ఇంటింటా ఉన్నారు. పడవ మొత్తం మీద సాకు చెప్పనిది అదొక్కటే.

నాలుగో ఆస్తి చరాస్తి, అంటే కళాసీలు. నా పడవకు ఇద్దరు. ఒకరు ఆఫీసు మిత్రుడు, అల చూడగానే కక్కుకుంటాడు. రెండో ఆయన మా బావమరిది.

“ఎర్రతాడు లాగు!” అని అరుస్తాను.

“ఏది బావా?”

“ఎర్రది!”

“మూడూ గోధుమరంగులోనే ఉన్నాయి బావా!”

నిజమే. పదిహేనేళ్ళ ఎండకు అన్ని తాళ్ళూ ఒకే కులమైపోయాయి. కొత్త తాళ్ళు కొనొచ్చు. కొంటే తర్వాత తప్పెవరిది?

ఇదే అఖాతంలో, 2013లో, అమెరికా కప్పు పడవ పందెం జరిగింది. 72 అడుగుల కాటమరాన్ జోడు పడవలు నీళ్ళపైకి లేచి 40 నాట్లు దాటి పరుగెత్తాయి. ఆతిథ్య జట్టు 1–8తో వెనకబడింది. పైగా అంతకుముందు చేసిన తప్పుకు రెండు పాయింట్లు జరిమానా కూడా పడింది. అంత బంగారం లాంటి సాకు మానవజాతి చరిత్రలో ఏ సరంగుకూ దొరికి ఉండదు. ఆ మూర్ఖులు ఏం చేశారు? పడవకు మార్పులు చేసి, వరసగా ఎనిమిది పందేలు గెలిచి, 9–8తో కప్పు ఎత్తుకుపోయారు. ఆ సాకంతా బూడిదలో పోసిన పన్నీరు.

దురదృష్టవశాత్తూ మా ఆవిడ ఇలాంటి కథలు ఇంకొన్ని చదివింది. “ఏమండీ, విశాఖ అమ్మాయి స్వాతి, మన హైదరాబాదు అమ్మాయి ఐశ్వర్య బొడ్డపాటి, నేవీవాళ్ళు, ఆరుగురాడవాళ్ళు కలిసి తారిణి అనే తెరచాప పడవ మీద భూగోళం చుట్టొచ్చారట. 254 రోజులట. మీరు రెండు గంటల్లో ఒక బోయా చుట్టలేరా?”

“వాళ్ళది 55 అడుగుల పడవ. కొత్తది,” అన్నాను.

“దారిలో స్టీరింగు పాడైతే మారిషస్‌లో ఆగి బాగుచేసుకుని 2018 మేలో ఇల్లు చేరారట.”

నేను నేవీ మాజీ అధికారి అభిలాష్ టామీని అడ్డం పెట్టాను. ఒంటరిగా భూగోళం చుట్టే 2022 గోల్డెన్ గ్లోబ్ పందెంలో ఆయనది రెండోస్థానం. ఆ పందెంలో 1988కి ముందు గీసిన నమూనా పడవలనే రానిస్తారు. పాతదనానికి అంత గౌరవం. “మరి మీరూ వెళ్ళండి,” అంది. 32 అడుగులకు తక్కువైతే రానివ్వరని, నా పడవ అయిదడుగులు పొట్టిదని వినయంగా మనవి చేసుకున్నాను. ఆవిడ నన్నో చూపు చూసింది.

ఆ చూపు ఫలితంగా, కిందటి చలికాలం నా ఆస్తి మొత్తం అమ్మేసుకున్నాను. కొత్త తెరచాపలు. మాస్టును నిలబెట్టే తీగలు కొత్తవి. పొక్కులు గీకించి, ఆరబెట్టించి, ఎపాక్సీ పూయించి, పైన రాగిరంగు రెండు కోటింగులు. తాళ్ళు ఎరుపు, నీలం, ఆకుపచ్చ, విడివిడిగా. బావమరిదికి శిక్షణ కూడా ఇప్పించాను.

ఏప్రిల్లో మొదటి శుక్రవారం. చక్కని గాలి. ఎర్రతాడు అనగానే ఎర్రతాడే కదిలింది. తొమ్మిది పడవలు బయల్దేరాయి. నాది తొమ్మిదోది. పన్నెండు నిమిషాల బాకీ వసూలు చేసుకున్నాక మళ్ళీ లెక్కవేశారు. తొమ్మిదే.

క్లబ్బులో ఎవరూ ఏమీ అనలేదు. “కొత్త తెరచాపలు బాగున్నాయి” అన్నాడు 84 అంకె ఆయన. అంతకంటే తిట్టినా బాగుండేది. తర్వాతి శుక్రవారం ఎనిమిది పడవల్లో ఎనిమిది. ఆ పై శుక్రవారం మళ్ళీ తొమ్మిది. ఇంటికి కారులో వస్తుంటే బావమరిది రేడియో కూడా పెట్టలేదు. మూడు వారాలు నాకు అన్నం సహించలేదు. కంచం ముందు కూర్చుని, వేలితో అన్నంలో బోయాలు పెట్టి, ఎక్కడ తిరగాలో గీతలు గీసుకునేవాణ్ణి.

నాలుగో వారం, బర్కిలీ వైపు నీళ్ళు తక్కువగా ఉన్న వేళ, బురదలో కాస్త రాసుకుంది. ఎందుకైనా మంచిదని పడవను గట్టెక్కించాను. యార్డులో పనిచేసే ముసలాయన కిందికి వంగి, చూసి, నన్ను పిలిచాడు. పడవ బొడ్డు కింద బరువు కోసం సీసపు కీల్ బిగించి ఉంటుంది. అది ఒంటితో కలిసే అతుకు దగ్గర, ముందువైపు, సన్నని పగులు. రెండు చివరలూ పైకి వంగి ఉంది.

“నవ్వుతోంది,” అన్నాడాయన. పాత పడవల్లో ఇది మామూలేనట. వాళ్ళ భాషలో దాన్ని నవ్వనే అంటారట. బోల్టులు బిగించి చూశాడు, గట్టిగానే ఉన్నాయి. లోపలికి నీళ్ళు రావడం లేదు. ఈ సీజను నిక్షేపంగా నడుపుకోవచ్చు, చలికాలంలో విప్పి చూద్దాం అన్నాడు.

“వేగం మీద ఏమైనా ప్రభావం ఉంటుందా?” అన్నాను, గొంతు వణక్కుండా.

ఆయన భుజాలెగరేశాడు. “ఎంతో కొంత ఉండొచ్చు.”

నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసుకున్నాను. ఆ శుక్రవారం పది పడవల్లో పదోవాణ్ణి. క్లబ్బులో 84 ఆయన పక్కనే కుర్చీ లాక్కుని కూర్చుని, ఫోను తీసి చూపించాను. ఆయన రెండు వేళ్ళతో ఫోటో పెద్దది చేసి చూసి, “అయ్యయ్యో! దీంతోనా ఇన్నాళ్ళూ నడిపింది?” అన్నాడు.

ఆ రాత్రి పెరుగన్నం మారు వడ్డించుకున్నాను.